పాపములో పాలెవరిది?

వాల్మీకి మహర్షి పూర్వకథ తెలుగునాట చిన్నపిల్లలకు కూడ తెలిసినదే. ఆలుబిడ్డలను పోషించుటకై అతడు అడవిదారులు కాచి బాటసారులను దోచుచుండెనట. ఒకనాడు ఎదురుపడిన మునులు అతనిని ఒక్క ప్రశ్న అడిగిరి. “నీవు తెచ్చినది తినువారు నీ పాపములో పాలు పంచుకొందురా? ఇంటికి పోయి అడిగి రమ్ము” అనిరి. అతడు పోయి అడిగెను. ఇంటిలో ఎవ్వరును ఒప్పుకొనలేదు. పోషించుట నీ ధర్మము, ఎట్లు తెచ్చితివో మాకేల అనిరి. ఆ మాటతో కిరాతునికి కన్ను తెరచుకొన్నది.

ఆఫ్రికా ఖండమున ఏనుగులు, ఖడ్గమృగములు, గొరిల్లాలు దొంగవేటకు బలియగుచున్న వార్తలు చదువునపుడు ఈ పాత ప్రశ్నయే మరల ముందుకు వచ్చును. అడవిలో పట్టుబడువాడు వేటకాడు. పత్రికలో దుష్టుడని పేరు పడువాడు, చెరసాలకు పోవువాడు కూడ అతడే. కాని అతనిని అడవిలోనికి నెట్టినదెవరు? అతడు తెచ్చిన సొమ్ము ననుభవించినదెవరు? వారికి ఆ పాపములో పాలు లేదా?

ఉగాండా దేశపు నైరుతిమూల బ్విండి అను దట్టమైన కొండయడవి యున్నది. ప్రపంచమున మిగిలిన కొండ గొరిల్లాలు వేయింటికి కొంచెము పైబడి యుండగా వానిలో ఇంచుమించు సగము అచ్చటనే నివసించుచున్నవి. 2020 జూన్ మాసారంభమున అచ్చట రఫీకి అను మగ గొరిల్లా పోటుగాయముతో చచ్చి పడియుండగా కనుగొన్నారు. రఫీకి యనగా స్వాహిలీ భాషలో స్నేహితుడని అర్థము. 17 గొరిల్లాల గుంపునకు అది పెద్ద. పట్టుబడిన వేటకాడు, తాను గొరిల్లా కొరకు పోలేదనియు, తోడివారితో చిన్న మృగముల వేటకు పోగా అది మీదికి వచ్చినదనియు, ప్రాణరక్షణకై పొడిచితిననియు చెప్పినాడు. లేడిని, అడవిపందిని చంపిన నేరములు కూడ చేరి అతనికి 11 సంవత్సరముల శిక్ష పడినది.

ఆ శిక్షను ఎవ్వరును తప్పుపట్టనక్కరలేదు. చట్టము తన పని చేసినది. కాని ఆ సంవత్సరమును కూడ జ్ఞాపకముంచుకొనవలెను. కోవిడ్ వ్యాధి వలన ఆ వేసవిలో విమానములు నిలిచిపోయినవి. గొరిల్లాలను చూడవచ్చు విదేశీయులు రాకపోగా, వారికి త్రోవ చూపియు, మూటలు మోసియు, వంట వండియు బ్రతుకువారికి కూలి లేకపోయినది. ఆ దినములలో ఉగాండా దేశమంతట నమోదైన దొంగవేట నేరములు అంతకు ముందు సంవత్సరమున అవే నెలలలో జరిగినవానికి రెట్టింపునకు మించినవి. మనుష్యుల స్వభావము మూడు నెలలలో మారిపోలేదు. వారి యిండ్లలోని కుండలు మాత్రము ఖాళీ అయినవి.

ఆఫ్రికాలో వేటకాడు దొంగ అయిన కథ పాతది. 1900 సంవత్సరమున ఐరోపా రాజ్యములు లండన్ నగరమున సమావేశమై ఆఫ్రికా వన్యమృగముల సంరక్షణకై ఒక ఒడంబడిక వ్రాసికొన్నవి. తమ ఏలుబడిలో దంతపు వర్తకము చేయు విధ్వంసమునకు అవి బెదరినమాట నిజమే. కాని ఆ దారిన వచ్చిన చట్టములు ఉచ్చును, వలను, గోతిని, విషపుబాణమును నిషేధించినవి. ఇవి పేదవాని పనిముట్లు. రుసుము చెల్లించి తుపాకి పట్టిన దొరకు మాత్రము వేట వినోదముగ మిగిలినది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు తన కుమారునితో కలిసి తూర్పు ఆఫ్రికాకు పోయి, ఏడాది లోపల ఇరువురును 512 మృగములను కూల్చినారు. ఆ వేటకు విజ్ఞానశాస్త్ర సేవయని పేరు వచ్చినది. అదే అడవిలో ఒక జింకను పట్టిన రైతు చేసినది నేరమైనది.

కెన్యా దేశములో 1948న ఏర్పడిన త్సావో జాతీయ వనపు చరిత్ర దీనికి మంచి నిదర్శనము. ఆ ప్రాంతమున వాటా అను చిన్న తెగవారు తరతరములుగా ఏనుగు వేటపై బ్రతికినారు. బలమైన పెద్ద విల్లును వంచుట, చెట్టునుండి తీసిన విషమును బాణపుమొనకు పట్టించుట వారికి విద్య. మాంసము వారు తినిరి. దంతము మాత్రము తీరపు వర్తకుల చేతికి పోయినది. 1956, 57 సంవత్సరములలో డేవిడ్ షెల్డ్రిక్ మొదలైన వనాధికారులు గట్టి దండయాత్ర నడపి ఆ వేటకాండ్రను చెరసాలలో పెట్టించినారు. వేట ఆగినది. 1960లో, ఆ తెగవారు చట్టమునకు లోబడి పరిమితముగా వేటాడి బ్రతుకునట్లు గలానా నదీప్రాంతమున ఒక ఏర్పాటు జరిగినది. అది వేళ్లూనకముందే ఆ భూమి పశువుల పెంపకమునకు మారినది. వాటావారికి విల్లు పోయినది, దానికి బదులు మరొక జీవనము దొరకలేదు.

తరువాత జరిగినదేమి? 1970, 71లో వచ్చిన కరవులో వేలకొలది ఏనుగులు మేత లేక త్సావోలో చనిపోయినవి. ఆ వెనువెంటనే దంతపు ధర పెరిగినది. యంత్రతుపాకులు పట్టిన ముఠాలు దిగినవి. 1973 ప్రాంతమున కెన్యాలో 1,67,000 ఏనుగులున్నవని అంచనా. 1977లో దేశమంతట వేట నిషేధింపబడినను, 1989 నాటికి ఆ సంఖ్య 20 వేల ప్రాంతమునకు పడిపోయినది. ఆ సంవత్సరము జూలైలో అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి 12 టన్నుల దంతమునకు నిప్పు పెట్టించినాడు. అక్టోబరులో అంతర్జాతీయ దంతవ్యాపారమును నిషేధించుటకు రాజ్యములు ఒప్పుకొన్నవి. ఇంతటి వినాశమును చేసినది విల్లు పట్టిన వాటావాడు కాడు. అతనికి తెలిసిన అడవిలో, అతనిని తొలగించిన చోట, అడవితో ఏ సంబంధమును లేని తుపాకి ప్రవేశించినది. ఏనుగు అడుగుజాడ చూచి దాని వయసు చెప్పగల మనిషిని కాపరిగా నిలుపుకొని యుండిన కథ వేరుగా నడచియుండెడిదేమో.

దొంగవేట యని ఒకే మాటతో పిలుచుచున్నను అది రెండు విధములు. ఒకటి కడుపు కొరకు జరుగు వేట, రెండవది అంగడి కొరకు జరుగు వేట. ఈ రెండింటికిని బీదరికముతో సంబంధమున్నది గాని ఆ సంబంధము ఒకే తీరున లేదు.

కడుపు కొరకు జరుగు వేటకు పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశము ఉదాహరణము. అచ్చటి ప్రజలకు సముద్రపు చేప ముఖ్యమైన ఆహారము. 2004లో జస్టిన్ బ్రషారెస్ మొదలైన శాస్త్రజ్ఞులు ఆ దేశపు ఆరు అభయారణ్యములలో 1970 నుండి 1998 వరకు కాపరులు వ్రాసి యుంచిన మృగముల లెక్కలను, చేపల రాబడి లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినారు. చేపలు తక్కువపడిన సంవత్సరములలో అడవిలో వేటగాండ్రు పెరిగినారు, మృగములు తరిగినవి. ఆ కాలములో 41 జాతుల మృగసంపద మొత్తము మీద నాల్గింట మూడు వంతులు నశించినది. చేపలు తగ్గుటకు కారణములలో ఒకటి, ఐరోపా దేశముల పెద్ద ఓడలు ఆ సముద్రమున యంత్రపు వలలతో వేటాడుట. వాని ఖర్చులో కొంత ఆ ప్రభుత్వములే భరించుచుండెను. ఇంత దూరపు గొలుసును ఎవరు ఊహించగలరు? ఐరోపాలో ఒకరి పళ్లెములోనికి చేప చేరినది. ఘనా పల్లెలో ఒకని వల ఖాళీగా వచ్చినది. అడవిలో ఒక జింక ఉచ్చులో పడినది. పట్టుబడినవాడు మాత్రము ఉచ్చు పన్నినవాడు.

టాంజానియా లోని సెరెంగెటి మైదానపు అంచులలోను ఇదే స్థితి. ఏటేట పది లక్షలకు మించిన విల్డెబీస్టు మందలు ఆ పల్లెల ప్రక్కగా సాగిపోవును. చవుకగా దొరకు ఉక్కుతీగతో ఉచ్చు పన్నుట చిన్నపిల్లవానికి కూడ చేతనగును. మేకలు, గొర్రెలు కలిగినవారు, వేరే సంపాదన యున్నవారు ఈ వేటకు తక్కువగా పోవుదురని అచ్చట జరిగిన పరిశీలనలు తెలిపినవి. కాని ఉచ్చుకు వివేకము లేదు. విల్డెబీస్టు కొరకు పన్నిన తీగ సింహపు మెడకును, ఏనుగుపిల్ల కాలికిని కూడ బిగియును. పేదవాని యవసరము చిన్నదే యైనను దాని వలన కలుగు నష్టము చిన్నది కాదు. ఈ నిజమును దయ పేరిట దాచరాదు.

అంగడి కొరకు జరుగు వేట తీరు వేరు. ఇచ్చట వేటకాడు కూలివాడు మాత్రమే. దక్షిణాఫ్రికాలో 2007లో దొంగవేటకు చచ్చిన ఖడ్గమృగములు 13, 2014లో 1,215. ఏడేండ్లలో ఆ దేశమున బీదలు నూరు రెట్లు పెరుగలేదు. వియత్నాము, చైనా దేశములలో కొమ్ము ధర పెరిగినది. ఆ కొమ్ములో ఏ ఔషధగుణమును లేదు. గోళ్లలోను, వెండ్రుకలలోను ఉండు పదార్థమే అందులోను ఉన్నది. అయినను దానిని కొనువారున్నారు. క్రూగర్ వనపు సరిహద్దుకు ఆవల మొజాంబిక్ దేశమున పనిలేని పల్లెలున్నవి. దీర్ఘకాలము సాగిన అంతర్యుద్ధము వారికి మిగిల్చినది ఏమియు లేదు. అట్టి పల్లెకు ఒక దళారి వచ్చి, ఏండ్ల తరబడి పొలములో పాటుపడినను కంటపడని సొమ్మును ఒక్క రాత్రి పనికి ఇచ్చెదననును. పోయినవారిలో కొందరు తుపాకి గుండ్లకు అడవిలోనే కూలుదురు. దళారి మరునాడు మరొక గుమ్మము తట్టును.

ధరకును బీదరికమునకును గల ఈ సంబంధమును 2019లో వెలువడిన ఒక పరిశోధన స్పష్టముగ చూపినది. ఆఫ్రికాలో 53 చోట్ల ఏనుగుల కళేబరముల లెక్కలను పరిశీలించిన ఆ శాస్త్రజ్ఞులు రెండు విషయములు కనుగొన్నారు. ఏ సంవత్సరమున వేట పెరుగునో, ఏ సంవత్సరమున తగ్గునో చైనాలోని దంతపు గిరాకిని బట్టి యుండును. ఏ చోట వేట అధికమో, ఏ చోట తక్కువయో అచ్చటి బీదరికమును, లంచగొండితనమును బట్టి యుండును. అనగా నిప్పు పుట్టునది దూరదేశపు అంగడిలో; అది అంటుకొనునది ఎండిన గడ్డి యున్న చోట. 2011లో పరాకాష్ఠ నందిన ఏనుగుల వేట, చైనాలో గిరాకి తగ్గుచున్న కొలది 2017 నాటికి సగమునకు లోపు పడిపోయినది. ఆ సంవత్సరాంతమున చైనా తన దేశములోపలి దంతవ్యాపారమును మూసివేసినది. ఈ లోపల జరుగవలసిన నష్టము జరిగిపోయినది. 2016లో ముగిసిన మహాగణనలో 18 దేశముల పచ్చికబయళ్లలో మిగిలిన ఏనుగులు 3,52,271. 2007 నుండి ఏడేండ్లలో నూటికి 30 వంతులు తగ్గినవని తేలినది.

దంతపు పాపములో పాలు ఐరోపాకు, చైనాకు మాత్రమే చెందినదనుకొనుట కూడ పొరపాటు. పందొమ్మిదవ శతాబ్దమున తూర్పు ఆఫ్రికా దంతము విశేషముగ బొంబాయి రేవునకు దిగినది. అది భారతదేశపు ఇల్లాండ్ర చేతి గాజులైనది, ఇంటి బొమ్మలైనది. భారతదేశము ఆఫ్రికా దంతపు వ్యాపారమును నిషేధించినది 1991లో మాత్రమే. గాజు తొడుగుకొన్న చేతికి ఏనుగు మూలుగు వినిపించలేదు.

బీదరికము నేరమునకు సమర్థనము కాదని కొందరందురు. కోట్లకొలది బీదలు నిజాయితీగ బ్రతుకుచుండగా వేటకాని నేల దయతలచవలెనని వారి ప్రశ్న. ఈ మాటలో సత్యమున్నది. అడవిని కాచు రక్షకులు కూడ బీదల బిడ్డలే. కాంగో దేశపు విరుంగా వనమున 2020 ఏప్రిల్ లో సాయుధ మూక యొకటి జరిపిన ఒక్క దాడిలో 12 మంది రక్షకులు మరణించినారు. చాలని జీతమునకు ప్రాణమొడ్డిన వారి యిండ్లలోను ఆకలి యున్నది. నగరములలో అడవిమాంసమును ఎక్కువ ధర యిచ్చి విలాసముగ తినువారు బీదలు కారు. కొమ్ములను సరిహద్దు దాటించు అధికారి ఆకలితో అలమటించువాడు కాడు. కనుక వేట యంతటికిని బీదరికమే మూలమనుట బీదలకు అన్యాయము చేయుటయే యగును. పైనున్న లోభమును దాచి క్రిందనున్న లేమిని చూపుట అపరాధిని తప్పించుటకు సులభమైన ఉపాయము.

అయినను బీదరికమును విడిచి అడవిని కాపాడగలమనుట కూడ భ్రమయే. అడవి యంచున నివసించు రైతు కంటితో ఏనుగును చూడవలెను. నగరవాసికి అది గంభీరమైన బొమ్మ. రైతుకు అది ఒక్క రాత్రిలో ఏడాది మొక్కజొన్నను తొక్కివేయు విపత్తు. పంట పోయిన పరిహారము పలుచోట్ల రాదు, వచ్చినను ఏండ్లు పట్టును. సింహము ఆవును ఎత్తుకొనిపోయినను అంతే. అడవిని చూడవచ్చినవారి సొమ్ము విడిది యజమానికి, విమానపు సంస్థకు, రాజధానికి పోవును. కాపాడుట వలన లాభము ఒకరిది, నష్టము మరొకరిది. అట్టి రైతు తానుగా వేటాడకపోవచ్చును; కాని వేటగాని జాడ చెప్పుమనిన నోరు విప్పడు. నోరు విప్పని పల్లెలు నాలుగు వైపుల నున్నపుడు ఎంత సైన్యముంచినను అడవి దక్కదు.

నోరు విప్పిన పల్లెల కథ నమీబియా దేశములో దొరకును. 1980 ప్రాంతమున ఆ దేశపు వాయవ్య భాగమైన కునేనే ఎడారిలో ఘోరమైన కరవు వచ్చి పశువులలో అధికభాగము చనిపోయినవి. మందలు పోయినవారు మాంసము కొరకు వేటాడినారు. అధికారులు, సైనికులు సైతము దంతమునకును కొమ్మునకును వేటాడినారు. ఎడారి ఏనుగులు, నల్ల ఖడ్గమృగములు అంతరించు స్థితికి వచ్చినవి. అప్పుడు గార్త్ ఓవెన్-స్మిత్ అను వనసేవకుడు తుపాకుల కొరకు ప్రభుత్వమును అడుగలేదు. ఊరిపెద్దల యొద్దకు పోయి కూర్చుండినాడు. మృగములు పోవుట ఆ పెద్దలకును దుఃఖముగనే యుండెను. తమ బిడ్డలు ఖడ్గమృగమును ఎన్నడును చూడకపోవుదురేమోయని వారి దిగులు. వారే తమవారిలోనుండి కాపరులను ఎన్నుకొన్నారు. ఆ కాపరులలో పూర్వము వేటాడినవారును ఉన్నారు. వారికి ముట్టినది కొద్దిపాటి సొమ్ము, తిండిగింజలు. పని మాత్రము వారికి పుట్టుకతో వచ్చినది: జాడలు చూచుట, క్రొత్తగా కనిపించిన అడుగు ఎవరిదో ఊరిపెద్దకు చెప్పుట. 1990లో ఆ దేశము స్వతంత్రమైనది. తమ భూములలోని మృగములపై 1975 నాటి చట్టము తెల్ల భూస్వాములకు ఇచ్చిన హక్కునే 1996లో క్రొత్త ప్రభుత్వము ఉమ్మడి భూములపై నివసించు పల్లెలకు కూడ ఇచ్చినది. నేడు అట్టి గ్రామసంరక్షణ క్షేత్రములు 86 ఉన్నవి. దేశపు భూమిలో ఇంచుమించు అయిదవ వంతు వానిక్రింద నున్నది. యాత్రికుల విడుదులనుండి వచ్చు పాలు, కాపరుల జీతములు, పంచుకొను మాంసము ఆ పల్లెలకు చేరుచున్నవి. 1990 దశకమున ఏడెనిమిది వేలున్న ఏనుగులు ఇరువది వేలు దాటినవి.

ఇది దోషములేని ఏర్పాటని చెప్పరాదు. రుసుము చెల్లించి వచ్చు విదేశీయుల వేటనుండి కూడ ఆ పల్లెలకు సొమ్ము వచ్చుచున్నది. అది ధర్మమా యను వాదము తెగలేదు. ఏనుగులు పెరిగిన కొలది పొలముల నష్టమును పెరిగినది. పల్లెల కాపలా లేని ఎటోషా జాతీయ వనమున ఖడ్గమృగముల వేట ఇటీవల మరల ప్రబలినది. 2022లో ఆ దేశమున 87 ఖడ్గమృగములు పోగా వానిలో అధికభాగము అచ్చటనే పోయినవి. పొరుగున జింబాబ్వే దేశములో 1989లోనే ఇట్టి ప్రయత్నము మొదలైనను, సొమ్ము జిల్లా కచ్చేరులలో నిలిచిపోయి పల్లె చేరకపోవుట వలనను, తరువాతి రాజకీయ సంక్షోభము వలనను అది నీరసించినది. యాత్రికులపైననే ఆధారపడిన పల్లె, యాత్రికులు రాని ఏడాది ఏమగునో 2020 చూపించినది. కావున పల్లె చేతికి హక్కు రావలెను, సొమ్ము నిజముగ చేరవలెను, ఆ సొమ్ము ఒక్క త్రోవనే రాకూడదు. ఈ మూడింటిలో ఏది లోపించినను ఏర్పాటు నిలువదు.

చేయవలసినవి రెండు వైపుల నున్నవి. దూరదేశములలో కొనువారిని ఆపవలెను, మధ్యనున్న దళారిని, లంచము తిను అధికారిని పట్టవలెను. ఇచ్చట చట్టము ఎంత కఠినమైనను తగును. అడవి యంచున మాత్రము చట్టమునకు ముందు తిండి పోవలెను, పని పోవలెను, పోయిన పంటకు పరిహారము సకాలమున పోవలెను. బ్రతికియున్న ఏనుగు వలన తన బిడ్డ చదువుకొనుచున్నదని తెలిసిన తండ్రి, చచ్చిన ఏనుగు కొరకు వచ్చిన దళారిని తానే పట్టియిచ్చును. కునేనే కాపరులు నలువది యేండ్లుగా చేయుచున్నది అదియే.

మృగములపై దయ చూపవలెనని పాఠశాలలలో బోధించుచున్నారు. అది మంచి పాఠము. తరగతిలో ఆ పాఠము ముగిసిన పిమ్మట ఏ విద్యార్థియైనను లేచి, “ఆ వేటకాని యింట ఆ రాత్రి ఏమి వండుకొన్నారు?” అని అడిగినచో ఉపాధ్యాయుడు విసుగుకొనరాదు. పాఠము అచ్చటనే మొదలగును. వాల్మీకి కథలో మునులు కిరాతుని శపించి పోలేదు. ఇంటికి పోయి అడుగుమనిరి. నేడు ఆ ప్రశ్న ఒక్క వేటకాని యింటిలో అడిగిన చాలదు. దంతపు బొమ్మ నిలిపిన మేడలోను, కొమ్ముపొడి తూచిన దుకాణములోను, సముద్రమును ఊడ్చిన ఓడ యజమాని గదిలోను అడుగవలెను. వారందరును లేదనవచ్చును. కిరాతుని యింటివారును లేదనిరి. ఆ సమాధానము విన్నవాడు మాత్రము మునుపటి మనిషిగా మిగులలేదు.